సముద్రంలోకి పోయేది ఒట్టి నీళ్లేనా?

(సంగం జాగర్లమూడిలో రైతు సంఘం అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రకాశం బరాజ్ గేట్లు ఎత్తిన ప్రతిసారీ పేపర్లలో ఒక లెక్క వస్తుంది. ఈ సీజన్లో ఇన్ని వందల టీఎంసీలు సముద్రం పాలయ్యాయని. ఆ లెక్క చదివితే కడుపు తరుక్కుపోతుంది. నారుమళ్లు ఎండుతుంటే కాలువ గట్టు మీద నిలబడి నీళ్ల కోసం చూసినవాళ్లం మనం. చివరి భూముల్లో ఆయిల్ ఇంజన్లు పెట్టి డ్రెయిన్ నీళ్లు తోడుకున్నవాళ్లూ మనలో ఉన్నారు. కాబట్టి ఆ బాధ న్యాయమైనదే. అయితే ఈరోజు ఆ లెక్కకు రెండో వైపు చూద్దాం. నదిలోంచి సముద్రంలోకి పోయేది ఒట్టి నీళ్లేనా? నీళ్లతో పాటు పూర్వం ఏం పోయేది? ఇప్పుడు ఏం పోవడం ఆగిపోయింది? ఆగిపోతే మనకేంటి?

ఈ ప్రశ్నలకు జవాబులు వ్యవసాయ శాఖ దగ్గర కన్నా సముద్రాన్ని పరిశోధించేవాళ్ల దగ్గర ఎక్కువ ఉన్నాయి. విశాఖపట్నంలో ఆంధ్రా విశ్వవిద్యాలయం ఉంది, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ ఉంది. వాళ్లు ముఖ్యంగా కొలిచేవి మూడు. నీళ్లలో తేలుతూ బతికే, కంటికి ఆనని మొక్కలు. నీళ్లలో కలిసి ప్రయాణించే మట్టి రేణువులు. సముద్రం అడుగున పేరుకున్న బురద. సముద్రం ఇక్కడికి నలభై కిలోమీటర్ల దూరం, ఈ గొడవ మనకెందుకని కొందరికి అనిపించవచ్చు. ఆ మూడింటిలో రెండు మన పొలంలోంచి, మన పై పొలాల్లోంచి వెళ్లినవే. మూడోది వాటిని తిని బతికేది.

మట్టితో మొదలుపెడదాం.

మనం కూర్చున్న ఈ నేలను కృష్ణ తెచ్చి పోసింది. సుమారు ఆరు వేల ఏళ్ల కిందట సముద్రం ఇప్పటికంటే బాగా లోపలికి ఉండేది. బాపట్ల వైపు పొలాల మధ్యలో, సముద్రానికి దూరంగా కనిపించే పాత ఇసుక దిబ్బల వరసలు ఒకప్పటి తీరాలే. ఊళ్ల పేర్లు చూడండి: లంకెవానిదిబ్బ, అడవులదీవి, హంసలదీవి, నాగాయలంక. దిబ్బ, దీవి, లంక. ఆ పేర్లు పెట్టినవాళ్లు భూగర్భ శాస్త్రం చదవలేదు గానీ, నేల ఎలా పుట్టిందో కళ్లారా చూశారు. ఏటా వరద వచ్చేది, ఒండ్రు మేట వేసేది. సముద్రపు అల కొంత కోసుకుపోయేది, నది అంతకంటే ఎక్కువ తెచ్చి పోసేది. డెల్టా అంటే నదికీ అలకూ మధ్య రోజూ నడిచే జమాఖర్చు. జమ ఎక్కువైతే నేల ముందుకు పెరుగుతుంది. ఖర్చు ఎక్కువైతే వెనక్కి తగ్గుతుంది.

ఇప్పుడు ఆ జమ ఎంతుంది? ఆంధ్రా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త కాకాని నాగేశ్వరరావు గారు, వారి సహచరులు 2010లో ప్రచురించిన పరిశోధనలో ఈ లెక్క ఉంది. 1966-69 మధ్య కృష్ణ ఏటా దాదాపు 90 లక్షల టన్నుల తేలియాడే మట్టిని కిందికి తెచ్చేది. 2000-05 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. నూటికి నాలుగైదు పాళ్లు మిగిలిందన్న మాట. గోదావరి కూడా తగ్గింది: 1970లలో 15 కోట్ల టన్నులు, 2000-06 నాటికి 5.7 కోట్ల టన్నులు. రెండు డెల్టాల తీరం కలిపి 336 కిలోమీటర్లు. 1965 నుంచి 2008 దాకా 43 ఏళ్లలో ఆ తీరం వెంట కొత్తగా పెరిగిన నేలను మినహాయిస్తే 76 చదరపు కిలోమీటర్లు సముద్రం పాలైంది. మన లెక్కలో సుమారు 18,800 ఎకరాలు. 1990కి ముందు ఏటా 340 ఎకరాల చొప్పున పోయింది. ఆ తర్వాత ఏటా 550 ఎకరాల పైమాటే.

కృష్ణా డెల్టా ఒక్కదాన్నే తీసుకుని శ్రీలంక కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ శాస్త్రవేత్తలు 2009లో మరో అధ్యయనం ప్రచురించారు. ఉపగ్రహ చిత్రాలు దగ్గర పెట్టుకుని 1977 నుంచి 2000 వరకు చూశారు. కోత ఏటా సగటున 77.6 హెక్టార్లు, అంటే 190 ఎకరాల పైన. మేట పడింది అందులో మూడో వంతు. యాభై ఏళ్ల కిందటితో పోలిస్తే డెల్టాకు చేరే నది నీరు కూడా మూడో వంతుకు తగ్గిందని, పైన కట్టిన జలాశయాలే దీనికి ప్రధాన కారణమని వాళ్లు తేల్చారు.

'సముద్రం పాలు' అనే మాట నీళ్లకే వాడుతున్నాం. నేల సముద్రం పాలవుతున్న లెక్క పేపర్లో రాదు.

మరి ఆ మట్టి ఎటు పోయింది? ఎటూ పోలేదు. శ్రీశైలంలో ఉంది, నాగార్జునసాగర్‌లో ఉంది, తుంగభద్రలో ఉంది. శ్రీశైలం జలాశయం మొదట్లో 308 టీఎంసీలు పట్టేది. పూడికతో అది 215.8 టీఎంసీలకు తగ్గింది. సాగర్ 408 నుంచి 312కు తగ్గింది. రెండింట్లో కలిపి 188 టీఎంసీల చోటును మట్టి ఆక్రమించింది. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా డెల్టాకు ఇచ్చిన కేటాయింపు 181.2 టీఎంసీలు. ఒకటి నిల్వ సామర్థ్యం, మరొకటి ఏడాది వాడకం. రెండూ ఒకటే అని వాదించడం లేదు. కానీ పూడిక ఎంత పెద్దదో ఊహకు అందాలంటే ఇంతకంటే మంచి కొలబద్ద లేదు. ఒకే మట్టి రెండు చోట్ల నష్టం చేస్తోంది. ఉండకూడని చోట ఉండి జలాశయాన్ని మింగుతోంది. ఉండాల్సిన చోట లేక డెల్టా అంచును సముద్రానికి అప్పగిస్తోంది.

అంచు పోతే తీరం ఊళ్లకే నష్టం, మనకేం అనుకోవద్దు. తీరం వెంట ఇసుక దిబ్బలు, వాటి వెనక నిజాంపట్నం, అడవులదీవి వైపు మడ అడవులు ఉన్నాయి. 1977 నవంబర్ 19 ఉప్పెన గురించి ఈ గదిలో పెద్దవాళ్లకు చెప్పనక్కర్లేదు. మడ నిలవాలంటే కొత్త బురద పడుతూ ఉండాలి. బురద ఆగితే అల మడ వేళ్లను కోస్తుంది. ఇంకోటి ఉప్పు. నదిలో తీపి నీటి ఒత్తిడి తగ్గితే పోటు నీరు ఏటిలోనూ డ్రెయిన్లలోనూ పైకి ఎక్కుతుంది. బాపట్ల తీరపు ఇసుక నేలల్లో దొరువులు తవ్వుకుని కూరగాయలు, వేరుశనగ పండించే రైతుకు ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. దొరువులో తీపి నీరు ఉప్పు నీటి మీద మీగడలా తేలుతుంటుంది. కాస్త ఎక్కువ తోడితే కింది ఉప్పు పైకి వస్తుంది. బాపట్లలో ఉప్పు నీటి సాగు మీద పనిచేసే వ్యవసాయ శాస్త్రవేత్తలు మీగడ మాత్రమే తీసేలా దొరువును మెరుగుపరిచారు. మంచి పని. కానీ పైన తీపి నీరు చేరడం తగ్గిపోతే ఏ దొరువూ ఎన్నాళ్లో ఆదుకోలేదు.

ఇప్పుడు నీళ్లలోని మొక్కల సంగతి. శాస్త్రవేత్తలు ఫైటోప్లాంక్టన్ అంటారు. రేపల్లె, నిజాంపట్నం వైపు నుంచి వచ్చిన రొయ్యల రైతులు ఇక్కడున్నారు. వాళ్లకు ఇది కొత్త మాట కాదు. 'చెరువు రంగు కట్టింది', 'బ్లూమ్ పడిపోయింది' అని వాళ్లు అనేది దీని గురించే. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి ఏరేటర్ల కోసం పరిగెత్తేది దీని వల్లే. పగలు ఎండలో ఇవి ఆక్సిజన్ వదులుతాయి, రాత్రి పీలుస్తాయి. చెరువులోకి దింపి నీటి తేటదనం చూసే నలుపు తెలుపు సెచ్చి పళ్లెం కూడా ఓడల మీద సముద్ర శాస్త్రవేత్తలు వాడే పరికరం నుంచి వచ్చిందే. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో ఇంచుమించు సగం ఈ కంటికి ఆనని మొక్కలదే. చిన్న చేప వీటిని తింటుంది, పెద్ద చేప చిన్న చేపను తింటుంది. కాబట్టి ఇవి సముద్రపు గడ్డి అనుకోండి. గడ్డి ఎంత మొలిస్తే చేప అంత. ఉపగ్రహం నుంచి నీటి రంగును చూసి గడ్డి ఎక్కడ దట్టంగా ఉందో కనిపెట్టి, చేపలు అక్కడుంటాయని ఇన్‌కాయిస్ మత్స్యకారులకు కబురు పెడుతుంది. ఓషన్‌శాట్ ఉపగ్రహాలు ఈ పనికి వాడేవే.

మన పైరుకు ఏం కావాలో దీనికీ అదే కావాలి. ఎండ, నత్రజని, భాస్వరం. డయాటమ్‌లు అనే రకానికి ఇసుకలో ఉండే సిలికా కూడా కావాలి. దాని ఒంటి పెంకు గాజు లాంటిది మరి. ఇవన్నీ నది తెస్తుంది. అయితే దీనికో తిరకాసు ఉంది. వరద నీరు ఎరువు తెస్తుంది కానీ బురదతో ఎండను ఆపేస్తుంది. గోదావరి నదీముఖంలో విశాఖ శాస్త్రవేత్తలు చూసింది ఇదే. వరద జోరు మీద ఉన్నప్పుడు మొక్కలు పెరగవు. జోరు తగ్గి, నీరు తేటపడి, పోషకాలు ఇంకా మిగిలి ఉన్న రోజుల్లో ఒక్కసారిగా విరగబడి పెరుగుతాయి. వరద తీసిన లంక పొలంలో పైరు వేసినట్టే.

బంగాళాఖాతానికి ఇంకో ప్రత్యేకత ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ ఇందులోనే కలుస్తాయి. ఆ తీపి నీరు తేలిక కాబట్టి పైన మూతలా పరుచుకుంటుంది. కింద ఉన్న పోషకాలు ఆ మూత దాటి పైకి రావడం కష్టం. అరేబియా సముద్రంతో పోలిస్తే బంగాళాఖాతంలో వర్షాకాలపు పచ్చదనం తక్కువ కావడానికి ఇదొక కారణమని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు 2002లో చెప్పారు. నది నీరు వస్తే అంతా మేలే అని చెప్పడానికి వీల్లేదని ఇందుకే చెబుతున్నాం. ఈ సంగతి దాచి మాట్లాడితే ఎదుటివాడు మనల్ని ఒక్క ప్రశ్నతో కూర్చోబెడతాడు.

మట్టి రేణువు చేసే మరో పనిని 1987 నుంచి మన శాస్త్రవేత్తలు, జర్మనీలోని హాంబర్గ్ శాస్త్రవేత్తలు కలిసి కొలిచారు. లోతు నీళ్లలో పెద్ద గరాటుల్లాంటి పాత్రలు వేలాడదీసి, పైనుంచి రాలేదాన్ని నెలల తరబడి పట్టారు. చచ్చిన సూక్ష్మ మొక్కలు తేలిక, వాటంతటవే మెల్లగా దిగుతాయి. నది తెచ్చిన బంకమట్టి వాటికి అంటుకుంటే బరువెక్కి త్వరగా అడుక్కి చేరతాయి. వానాకాలంలో ఈ రాలుడు బాగా పెరిగింది. గాలిలోంచి మొక్కలు పీల్చిన బొగ్గుపులుసు వాయువు అలా సముద్రం అడుగుకు చేరి పూడుకుపోతుంది. మన పొలం నుంచి కొట్టుకుపోయిన పిడికెడు రేగడి అక్కడ ఆ పని చేస్తోంది.

అడుగున పేరుకున్న ఆ బురద ఏం చెబుతుంది? రైతు భాషలో చెప్పాలంటే అది అడంగల్. ఏ ఏడు ఏ పంట, ఎంత వాన, ఎంత నేల కొట్టుకుపోయింది అన్నీ పొరలు పొరలుగా నమోదై ఉంటాయి. వీఆర్వో దిద్దలేని అడంగల్. 2006లో గ్యాస్ హైడ్రేట్ల అన్వేషణ కోసం జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ మన కృష్ణా-గోదావరి తీరానికి వచ్చింది. గోదావరి ఎదుట సముద్రంలో గొట్టం దింపి బురద తీసింది. ఆ బురదలో ఆకుల మీది మైనం వేల ఏళ్లుగా చెక్కుచెదరకుండా ఉంది. మైనాన్ని బట్టి అది ఏ రకం మొక్కదో చెప్పవచ్చు. దాన్ని పరీక్షించిన శాస్త్రవేత్తలు 2012లో ఏం రాశారంటే, సుమారు నాలుగు వేల ఏళ్ల కిందటి నుంచి దక్కన్ ఎండుతూ వచ్చింది, ఎండకు ఓర్చే గడ్డిజాతులు పెరిగాయి. 2017లో మరో సంగతి చెప్పారు. ఆ తర్వాతి కాలపు పొరల్లో దక్కన్ నల్లరేగడి వాటా పెరిగింది, నేల కోత ఉద్ధృతమైంది. ఎండిన నేలకు తోడు సాగు విస్తరించడం దీనికి కారణమని వాళ్ల అభిప్రాయం. అంటే డెల్టాను పెంచిన ఒండ్రులో కొంత భాగం పై మెట్ట రైతు పోగొట్టుకున్న పైమట్టి. మనం ఒండ్రు ఒండ్రు అని మురుస్తాం గానీ, అది ఎవరిదో ఒకరి సారం. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ రైతులతో నీటి తగాదా వచ్చినప్పుడు ఈ బంధుత్వం గుర్తుండాలి.

మన నుంచి సముద్రానికి ఇప్పుడు ఏం పోతోంది? మట్టి తగ్గింది, ఎరువు పెరిగింది. వరికి వేసిన యూరియాలో నత్రజని నూటికి ముప్పై నలభై పాళ్లకు మించి పైరుకు అందదని వ్యవసాయ శాస్త్రం చెబుతుంది. తక్కినదాంట్లో కొంత గాలిలో కలుస్తుంది, కొంత నల్లమడ, రొంపేరు, భట్టిప్రోలు డ్రెయిన్లలో పడి తీరానికి చేరుతుంది. పట్టణాల మురుగు, చెరువుల నీరు తోడవుతాయి. డ్రెయిన్లలో గుర్రపుడెక్క ఎందుకంత బలంగా పెరుగుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. బస్తాకు డబ్బు పెట్టింది మనం, ఎదిగింది గుర్రపుడెక్క.

ఈ మార్పు ఎటు దారి తీస్తుందో ఈజిప్టు చూపించింది. నైలు మీద ఆస్వాన్ హై డ్యామ్‌లో 1964 నుంచి నీరు నిలపడం మొదలైంది. అంతకు ముందు ఏటా వరద కాలంలో నది ఎరువుతో సముద్రం పచ్చబడేది, కవళ్ల లాంటి సార్డిన్ చేపలు గుంపులుగా వచ్చేవి. 1962లో 18 వేల టన్నులు పట్టారు. ఆ దశాబ్దం చివరికి అది వెయ్యి టన్నుల లోపుకు పడిపోయింది. నైలు డెల్టా అంచులు, ముఖ్యంగా రొసెట్టా వైపు, కోతకు గురయ్యాయి. 1980ల నుంచి చేపలు మళ్లీ పెరిగాయి. డ్యామ్ వల్ల నష్టం లేదని దీన్ని చూపించి వాదించేవాళ్లున్నారు. కానీ ఆ చేపల్ని పెంచింది నగరాల మురుగు, పొలాల ఎరువు. నది ఉచితంగా ఇచ్చినదానికి బదులు ఈజిప్టు ఎరువుల ఫ్యాక్టరీలు కట్టుకుంది. పోయిన తీరం మాత్రం చేపల్లా తిరిగి రాలేదు.

ఇంత చెప్పాక ఒక ప్రశ్న వస్తుంది. అయితే డ్యాములు వద్దంటారా? మన వాటా నీళ్లు సముద్రానికి వదిలేయమంటారా? కాదు. సాగర్ లేకపోతే పల్నాడు, ప్రకాశం మెట్టలు ఏమయ్యేవో తెలుసు. మనకు రెండో పంటకు నీళ్లు చాలని ఏళ్లు ఎన్నో ఉన్నాయి. పట్టిసీమ నుంచి గోదావరి నీళ్లు తెచ్చుకుంటే తప్ప జూన్, జూలైలో డెల్టా నారుమళ్లు తడవని పరిస్థితి 2015 నుంచి చూస్తున్నాం. మేము అడుగుతున్నది వేరు. 2024 సెప్టెంబర్ మొదట్లో బరాజ్ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వచ్చాయి. అలాంటి వరదను ఎవరూ నిల్వ చేయలేరు. ఆ నీరు ఎలాగూ పోతుంది. పోయే నీటితో మట్టి కూడా పోయేలా చేయవచ్చా అన్నదే ప్రశ్న.

చేయవచ్చు. చైనాలో ఎల్లో నది మీద శాన్‌మెన్‌షియా డ్యామ్ 1960లో పూర్తయింది. కొద్ది ఏళ్లకే పూడిపోసాగింది. అప్పుడు వాళ్లు అడుగు తూములు తెరిచారు, పక్కన సొరంగాలు తవ్వారు. వరద కాలంలో బురద నీటిని కిందికి వదిలి, వరద తీశాక తేట నీటిని నింపుకునే పద్ధతి పెట్టుకున్నారు. శ్రీశైలం, సాగర్ కట్టడాలు వేరు, అక్కడి లోయలు వేరు. అదే పద్ధతి ఇక్కడ నప్పుతుందో లేదో ఇంజనీర్లు పరీక్షించి చెప్పాలి. పూడిక తీస్తామనే ప్రకటనలు చాలా విన్నాం. 188 టీఎంసీల మట్టిని పొక్లెయిన్లతో ఎత్తి ఎక్కడ పోస్తారు? కొత్తగా చేరే మట్టిని కిందికి దాటించడం గురించి మాట్లాడేవాళ్లే లేరు.

కాబట్టి ప్రభుత్వం ముందు మనం పెట్టాల్సినవి ఇవి. జలాశయాల నిర్వహణ నియమాల్లో నీటితో పాటు ఒండ్రు లెక్క కూడా చేర్చాలి. విజయవాడ దగ్గర కేంద్ర జల సంఘం కొలిచే మట్టి పరిమాణాన్ని ఏటా తెలుగులో ప్రకటించాలి. వరద నీటి లెక్క పేపర్లో వచ్చినట్టే అదీ రావాలి. నదిలో మిగిలిన కాస్త ఇసుకను కూడా తవ్వుకుపోతుంటే తీరానికి చేరేది ఏముంటుంది? తవ్వకాలకు హద్దు పెట్టేటప్పుడు తీరం కోతను కూడా లెక్కలోకి తీసుకోవాలి. సూర్యలంక నుంచి నిజాంపట్నం దాకా తీరం ఎంత తగ్గిందో, ఎంత పెరిగిందో సర్వే చేసి గ్రామసభల్లో పెట్టాలి. మడ అడవుల జోలికి పోకూడదు.

మన చేతిలో ఉన్న పని ఒకటుంది. నేలలో ఉప్పు మోతాదు 3 డెసీసీమెన్లు దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. సముద్రపు నీరు సుమారు 50. ఈ రెండు అంకెల మధ్య మన డ్రెయిన్లు, దొరువులు, చివరి భూముల బోర్లు ఏ నెలలో ఎక్కడున్నాయో మన దగ్గర రాతపూర్వకంగా ఉంటే, అధికారి ముందు కూర్చున్నప్పుడు మాట వేరుగా ఉంటుంది. చేతిలో పట్టుకునే ఈసీ మీటరుతో అరనిమిషంలో తేలే పని అది. బాపట్ల, రేపల్లె, నిజాంపట్నం మండలాల సభ్యులు ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నెలకోసారి, పోటు మీద ఉన్నప్పుడు ఒకసారి, తీసినప్పుడు ఒకసారి, ఎంచుకున్న చోట్ల కొలిచి నోటు పుస్తకంలో రాయాలి. మెరకనున్న మనం ఇక్కడ కొమ్మమూరు కాలువలో తొలి నీరు వచ్చిన రోజూ, దాని రంగూ రాద్దాం. మూడు మీటర్లు కొనడానికి సంఘం నిధి నుంచి డబ్బు కేటాయించాలన్న ప్రతిపాదనను ఈ సభ ముందు పెడుతున్నాం. చర్చించి ఈరోజే తేల్చండి.